షట్టర్‌కు పర్మిట్

“పర్మిట్ లేకుండా షట్టర్ మార్చేదానికి లేదు!” అన్నాడు భాష్యం గట్టిగా.

షట్టర్ పనివాడు గోవిందసామి టేపు సంచిలో పెట్టుకుంటూ ఆయన్ను వింతగా చూశాడు. “సేమ్ సైజుదే కదా సార్? గోడ కూడా తాకేది లేదు. దానికెందుకు పర్మిట్?”

“ఇది చెన్నై అయ్యా. ఈడ మేకు కొట్టాలన్నా కార్పొరేషన్‌కు చెప్పాల.”

భాష్యం నాలుగు రోజులు కంచికి పోయి తిరిగొచ్చేసరికి, మైలాపూరు ఇంట్లో కారు షెడ్డు షట్టర్ సొట్టపడి, కిందికంటా బిగుసుకుపోయి ఉంది. ఎవడో బండితో తగిలించి పారిపోయాడని ఆయనే తేల్చేశాడు.

“పోనీలెండి, వాడి పాపాన వాడే పోతాడు,” అంది భార్య వరదలక్ష్మి.

నిజానికి భాష్యానికి లోలోపల సంతోషమే. వరదలక్ష్మి యాభై ఆరేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు వచ్చి నెల కాలేదు, షోళింగనల్లూరులో ఉన్న కూతురు ఆరతి ఇంటికి తానే నడుపుకుంటూ పోతానంటోంది. ఆ రోడ్డు మీద ఆఫీసు క్యాబులు దూసుకొచ్చే తీరు తలుచుకుంటేనే ఆయనకు చెమటలు పట్టేవి. షట్టర్ తెరుచుకోకపోతే కారు బయటికి రాదు. కారు రాకపోతే భార్య క్షేమం.

అందుకే మరునాటి నుంచి రోజూ ఫైలు చంకన పెట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకని బయలుదేరేవాడు. పార్కులో కూర్చుని పేపరంతా చదివి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు.

“ఏమన్నారండీ?”

“ఆఫీసరు లీవు.”

“పోనీలెండి, రేపు పోదురు.”

రెండు రోజులకు, “షెడ్డు ప్లాను అడిగినారు,” అన్నాడు.

“పాతది చెదలు తినేసింది కదా, కొత్తది గీయించండి. తొందరేముంది?”

మరో రోజు, “ఫొటోలు కావాలంట.”

“నాలుగు పక్కలా తీయండి. పక్కింటోళ్ళ సంతకం కూడా అడుగుతారేమో, అదీ తీసుకోండి. ఆడ ఏదీ లేదనిపించుకోకూడదు.”

ఆమె ఒక్కసారైనా విసుక్కోలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ రెండు బస్సులు మారి కూతుర్ని చూసొస్తోంది. భాష్యానికి రోజురోజుకూ అన్నం సయించడం మానేసింది. పదిహేనో రోజున ఆమె ఆ ఫైలుకు కొత్త అట్ట వేస్తుంటే ఇక తట్టుకోలేకపోయాడు.

“వరదా, నన్ను క్షమించు. పర్మిట్టూ లేదు, గిర్మిట్టూ లేదు. మొదటిరోజే అడిగినాను. అదే సైజుదైతే ఏమీ అక్కరలేదు పొమ్మన్నారు. రోడ్డు మీద నీకేమన్నా అయితే నేను బతకలేను. ఆ భయంతోనే అబద్ధం చెప్పినాను.”

వరదలక్ష్మి ముఖం పాలిపోయింది. “అయితే... ఎప్పుడైనా మార్చేయచ్చా?”

“ఇప్పుడే మార్పిస్తా!”

“ఇప్పుడొద్దండీ! శనివారం దాకా ఆగుదాం. ఇన్నాళ్ళు ఆగినాం కదా!”

“ఇంకా నన్ను సిగ్గుపెట్టకు,” అంటూ ఆయన గోవిందసామికి ఫోన్ చేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

గంటలో గోవిందసామి వచ్చి పాత షట్టర్‌ను కోసి పక్కకు లాగాడు.

“ఆరతి ఇంటికి నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుంటా,” అంటూ భాష్యం లోపలికి అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయాడు. షెడ్డు ఖాళీగా ఉంది.

“కారు లోపల పెట్టబోయి షట్టర్‌ను గుద్దింది నేనేనండీ, శనివారం దాకా అది టింకరింగ్‌లోనే.”