చార్జి అప్పగింత

"వారానికి రెండు రోజులు మీరు కాలేజీకి పోతే ఈ ఊరికి నీళ్లు ఎవరు వదులుతారు?" అన్నాడు పెద్ద ఇంజనీరు, ఫైల్లోంచి తల ఎత్తకుండా.

"మిగతా రోజులు ఇక్కడే ఉంటాను కదా సార్. పని చేస్తూ చదివే కోర్సే అది. నీటి ఇంజనీరింగు. రేపు మనకే పనికొస్తుంది. ఒప్పుకుంటున్నానని మీరు ఒక్క ముక్క రాసిస్తే సీటు ఇచ్చేస్తారు. ఇవాళే ఆఖరు."

"బజారు లైన్లో ఏ వాల్వు ఎటు తిరుగుతుందో మీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?" ఆయన కాస్త ఆలోచించాడు. "నాకూ తెలియదనుకోండి."

ఇంజనీరమ్మ నవ్వలేదు. ఆ ఒక్క ముక్క కోసం పొద్దుట్నుంచి ఆ గది చుట్టూ తిరుగుతోంది. మొదటిసారి ఆయన మీటింగులో ఉన్నాడు. తర్వాత టీలో ఉన్నాడు. ఆ తర్వాత ఉండి కూడా లేడన్నారు.

"పోయినేడాదీ ఇదే మాట చెప్పారు సార్."

"వచ్చే ఏడాదీ ఇదే చెప్తాను. నేను మారను, ఆఫీసూ మారదు."

"అయితే నేనే మారతాను" అని ఆయన టేబుల్ మీది కాగితమే లాక్కుని, ఆయన పెన్నుతోనే రాజీనామా రాసి ముందుకు తోసింది.

ఆయన చదివాడు. కోపం రాలేదు. అదే ఆమెకు ఇంకా మండింది.

"రాజీనామా మీ ఇష్టం. చార్జి ఎవరికి అప్పగిస్తారు? పంపుహౌసు తాళాలు, మీటర్లు, స్టోరులో సామాను. మీ చోట్లోకి మనిషి వచ్చి 'తీసుకున్నాను' అంటే గానీ ఎవర్నీ వదలడం ఇక్కడ లేదు."

"ఆ మనిషి ఎప్పుడొస్తాడు?"

"అది నా చేతిలో లేదు. మీ ముందాయన రిటైరయ్యాక కూడా ఏడాది పాటు డ్యూటీకి వచ్చి పోయాడు."

ఆమె బస్సెక్కి కాలేజీకి పోయింది. ప్రొఫెసరు గదిలో నిలువునా కోసిన పంపు ఒకటి బల్ల మీద ఉంది. దాని పక్కనే ఆయన టిఫిను డబ్బా ఉంది.

"ఆఫీసు ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉందమ్మా" అన్నాడు ప్రొఫెసరు. "ఉద్యోగం లేనివాళ్లకు మేమే పని చూపిస్తాం. రెండు రోజులు ఇక్కడ క్లాసులు, మిగతా రోజులు అక్కడ పని."

"నాకు ఉద్యోగం లేదు సార్. పొద్దున్నే మానేశాను."

"మరి వాళ్లు వదిలారా?"

"లేదు. చార్జి తీసుకునే మనిషి రావాలట."

"అదీ చిక్కు. ఒక చోట చార్జిలో ఉన్నవాళ్లను ఇంకో చోట వెయ్యలేను. సాయంత్రం లోపు వదిలేశామని మీ వాళ్లతో ఫోన్లో చెప్పించండి, చాలు. లేకపోతే సీటు తర్వాతివాళ్లకు పోతుంది. ఏ ఆఫీసు మీది?"

"మానేసిన చోటు గొడవ ఇప్పుడెందుకు సార్."

"సరే. పంపులు తెలుసా?"

"అవి తప్ప ఇంకేం తెలియదు."

"ఇల్లెక్కడ?"

"పాత ట్యాంకు వెనకాల."

"అయితే నడిచిపోయేంత దూరంలోనే ఏదో చూస్తాను. బయట కూర్చోండి."

వరండాలో బెంచీ మీద కూర్చుని పెద్ద ఇంజనీరుకు ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. ఈలోగా అత్తగారు చేసింది.

"సీటొచ్చిందా?"

"ఇంకా లేదత్తయ్యా."

"ఉద్యోగం?"

"పోయింది. పోలేదు కూడా."

"అదేమిటే?"

"నాకు అర్థమయ్యాక చెప్తాను."

"సరేగానీ, కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయి. మీ ఆఫీసులో ఓ మాట చెప్పు."

ఆమె ఫోను పెట్టేసి బెంచీ మీద చేత్తో ఒకటి చరిచింది. వరండా చివర ప్యూను గదులకు తాళాలు వేసుకుంటూ వస్తున్నాడు. అప్పుడు వచ్చింది పెద్ద ఇంజనీరు నుంచి ఫోను.

"ఏమ్మా, మీ అదృష్టం బాగుంది. మనిషి దొరికింది. కాలేజీ వాళ్లు ఒక స్టూడెంటును పంపిస్తున్నారు. నేనే ఫోన్ చేసి అడిగాను. వాళ్లకు చోటు కావాలి, నాకు మనిషి కావాలి. ఇప్పుడే ఖాయం చేసుకున్నాం."

"వారమంతా వస్తుందా?"

"రెండు రోజులు క్లాసులుంటాయట. పోయొస్తుంది."

"పోనిస్తారా?"

"చదువుకునే పిల్లని ఆపితే పాపం కాదూ?"

ఇంజనీరమ్మ బెంచీ మీంచి లేచింది. "మరి బజారు లైను?"

"ఆ రెండు రోజులూ ఎవరో ఒకరం తిప్పుకుంటాం. ఊరేం ఎండిపోదులెండి."

"నేను అడిగితే ఎండిపోతుందన్నారే!"

"మీరంటే మనవాళ్లు. ఆ అమ్మాయి స్టూడెంటు. సరే, సోమవారం వస్తుంది. చార్జి అప్పగించండి, ఆ నిమిషమే వదిలేస్తాను."

"సోమవారానికి నా సీటుండదు సార్. ఇవాళే కావాలి."

"ఆ అమ్మాయి తీసుకున్నానంటే ఇవాళైనా నాకేం అభ్యంతరం లేదు. ఎక్కడుందో, ఎవరో. నేను పేరు కూడా అడగలేదు. మీరే పట్టుకోండి."

ఆమె ఫోను చెవి దగ్గర ఉంచుకునే ప్రొఫెసరు తలుపు తోసింది. ఆయన డబ్బా సంచిలో పెట్టుకుంటున్నాడు.

"సార్, నీళ్ల ఆఫీసుకు ఒక స్టూడెంటును పంపుతున్నారట. ఆ అమ్మాయి ఎక్కడుంటుందో చెప్పండి. కాళ్లయినా పట్టుకుంటాను."

ప్రొఫెసరు ఆమెను ఎగాదిగా చూశాడు. "మీ ఇంటికి దగ్గరని మిమ్మల్నే వేశానమ్మా."

ఫోనులో పెద్ద ఇంజనీరు "హలో, హలో" అంటున్నాడు.

"చార్జి అప్పగించాను సార్" అంది ఆమె. "తీసుకున్నాను కూడా."