గద్వాల టేషన్ల ఉడుకునీళ్లు

"ఈ గొట్టం ఎటు వంగి ఉండేదమ్మా?"

వనపర్తి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే సుహాసిని, తను చేస్తున్న జానెడు ఆవిరి ఇంజన్ నమూనాని మెహబూబీ ముందు పెట్టింది. బాయిలర్‌కు నీళ్లెక్కించేటప్పుడు ఎక్కని నీళ్లు బయటికి పోయే గొట్టం అది; పుస్తకాలన్నీ వెతికినా ఆ ఒక్కటీ తేలలేదు. ఆవిరి రైలింజన్ మీద ఫైర్‌మన్‌గా చేసిన మౌలాలి పోయి ఆరేళ్లు. ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన భార్య మెహబూబీ ఒక్కతే.

"బయటికి, జర కిందికి," అంది మెహబూబీ. "గద్వాల టేషన్ల బండి ఆగంగనే బకెట్ వట్టుకొని దానికిందనే నిలబడుతుంటి. ఉడుకునీళ్లు కారుతుండె."

"రోజూనా?"

"రోజు. ఏ టేషన్ల లేంది గద్వాల రాంగనే నీకేమైతదిరా, బాయిలర్‌కు నీళ్లెక్కియ్య రాదా అని మా ఆయనను డ్రైవర్ తిడుతుండె. ఇంటికొస్తే నేను గూడ నవ్వేదాన్ని, గింత పని చేతగాదా అని. తను గూడ నవ్వుతుండె."

సుహాసిని నమూనా మీది గొట్టాన్ని వేలితో చూపించింది.

"నీళ్లు సరిగ్గ బాయిలర్‌లకు ఎక్కితే ఈ గొట్టంల చుక్క రాదమ్మా. చేతగాక కాదు. కావాలనే కారనిచ్చిండు."

మెహబూబీ ఆ చిన్న గొట్టం కింద అరచెయ్యి పట్టింది.

"బకెట్ నిండినంక గూడ, నేనాడ నిలబడ్డంత సేపు బంద్ జేయకపోతుండె," అంది.