ఎనిమిదో పాట

"ఎనిమిదో పాట యాడబోయింది?" శ్రీరామచంద్ర ఫోను మీద అరిచాడు.

ఫోను ఏం చెబుతుంది? ఏడో పాట కాగానే గమ్మున ఊరుకుంది.

కూతురు నివేదిత వంటింట్లోంచి వచ్చింది. నాన్న కాలేజీ రోజుల్లో పడి చచ్చిన రాక్ ఆల్బం అని తనే వెతికి పెట్టింది పాపం.

"ఇల్లప్పా, లేదు, ఇందులో ఉండేది ఏడే. లిస్టు చూడండి."

"లిస్టు మొహం! కడాన ఒట్టి గిటార్ ఉంటుంది, మాటలుండవు. దానికోసమే నేను ఆ కేసెట్టు అరగదీసింది."

"వేరే ఆల్బంలోదేమో నాన్నా. వయసైంది కదా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయుంటాయి."

భార్య వరదలక్ష్మి కూతురి వంక ఒక చూపు చూసింది.

ఆ చూపుకే ఆయనకు ఒళ్ళు మండింది. పోయిన నెల తాళాలు ఫ్రిజ్‌లో దొరికినప్పుడు కూడా ఇద్దరూ ఇలాగే చూసుకున్నారు. అరవై రెండేళ్ళకే తనను మతిపోయిన ముసలివాణ్ణి చేసి కూర్చోబెడుతున్నారు.

మోకాలు పట్టేస్తున్నా కుర్చీ ఎక్కి అటక మీది పెట్టె దించాడు. 1984లో పురసవాక్కంలోని ఒక రికార్డింగ్ షాపులో ఖాళీ కేసెట్టు ఇచ్చి ఆల్బం ఎక్కించుకున్నాడు. ఆ కేసెట్టే పెట్టెలోంచి తీసి టేప్‌రికార్డరులో పెడితే ఏడు పాటలూ సరిగ్గా వచ్చాయి. ఎనిమిదోది మొదలవుతూనే టేపు చుట్టుకుపోయి తెగింది.

"విన్నారా? మొదలైంది కదా!"

"ఏదో గరగరమంది నాన్నా" అంది నివేదిత.

మర్నాడు పొద్దున్నే వాషర్‌మెన్‌పేట్ బస్సెక్కాడు. టేపులు అతికే మనిషి అక్కడ ఒక్కడే మిగిలాడని ఎవరో చెప్పారు.

మెట్ల కింద గూడంత షాపు. లోపల మునిరత్నం అనే డెబ్బై ఏళ్ళాయన. టేపు అతికించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"ఏడు పాటలు బాగుండాయి సార్. కడాసీదే శానా చోట్ల నలిగిపోయుండాది. కత్తిరించేద్దామా?"

"దానికోసమే కదయ్యా నేను వచ్చింది!"

"అదేం పెద్ద పాట కాదు సార్. వాయించినోడికి పని సరిగ్గా రాదు. నడుమ తాళం తప్పినాడు."

శ్రీరామచంద్రకు అరికాలి మంట నెత్తికెక్కింది. తనకన్నా పెద్దవాడని కూడా చూడలేదు.

"రాక్ గురించి నీకేం తెలుసు? రేడియోలు విప్పుకునేవాడివి! ఆ వాయించినోడి కాలిగోటికి సరిపోతావా నువ్వు? ఉద్యోగం పోయి నేను ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ పాటే నన్ను లేపి నిలబెట్టింది. తాళం తప్పలేదు, ఆడ వాడికి గుండె నిండింది! మిగతా ఏడూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ముసలాయన తల వంచుకుని అంతా విన్నాడు.

"అంత బాగుండాదా సార్?" అన్నాడు చివరికి.

"మళ్ళీ అడుగుతావేం? చెవులు లేవా?"

"సరి సార్. ఒక్క ఇంచు కూడా కొయ్యను. శనివారం రాండి."

శనివారం పోతే షాపు మూసి ఉంది. శ్రీరామచంద్ర తలుపు దబదబా బాదాడు. పై మెట్ల మీంచి ఒకామె దిగి వచ్చింది. మునిరత్నం కూతురట, పేరు ఆరోగ్యమేరి.

"రమ్మని చెప్పి షాపు మూసుకుంటాడా మీ నాయన? మాటంటే లెక్కలేదా?"

"నాయన బుధవారం పోయినాడు సార్. గుండెపోటు."

ఆయన తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

"మీ కేసెట్టు ముందురోజే ముగించేసినాడు. పెట్టి వినిపించి ఇమ్మన్నాడు."

ఆమె షాపు తెరిచి కేసెట్టు పెట్టింది. ఏడో పాట ముగిసింది. గిటార్ మొదలైంది. ఎక్కడా తెగలేదు. శ్రీరామచంద్ర కళ్ళు తుడుచుకున్నాడు. తన బుర్ర సరిగ్గానే ఉంది!

"విన్నావా అమ్మా? ఈ ఆల్బంలో ఇది ఉందంటే మా ఇంట్లో నమ్మరు. నాకే మతి పోయిందంటారు."

"ఇది ఆ ఆల్బంలోది కాదు సార్."

"నువ్వు కూడానా?" ఆయన గొంతు మళ్ళీ లేచింది.

"అప్పట్లో పాటలు ముగిసి టేపు మిగిలితే, కస్టమరుకి ఖాళీగా ఇయ్యకూడదని షాపువాళ్ళు ఇంకో పాట ఎక్కించేవాళ్ళంట. నాయన అప్పుడు పురసవాక్కంలో అట్లాంటి షాపులోనే పని చేసినాడు. మీ కేసెట్టులో తను వాయించింది ఎక్కించినాడు. అదొక్కటే సార్, ఇంక యాడా లేదు."

శ్రీరామచంద్ర నెత్తి కొట్టుకున్నాడు. ఇప్పుడు కోపమంతా తన మీదే.

"నేను అన్ని మాటలంటా ఉంటే ఒక్క ముక్క చెప్పలేదే!"

"నేనూ అదే అడిగినా సార్. 'చెప్పుంటే ఆయన తిట్టేది నిలిపేసుంటాడు మేరీ' అని నవ్వినాడు."