పాకం ముదిరిన డబ్బా

"ఈ నెల డంపింగ్ యార్డుకి ఒక్క కిలో మిఠాయెళ్లినా, ఆ లారీలో నువ్వూ ఎక్కి పోరా సింహాద్రీ!"

గురునాథరావుగారి కోపానికి కారణముంది. ఉక్కు ప్లాంటులో రిటైరై దుర్గ్ పక్కన ఈ మిఠాయి ఫ్యాక్టరీ పెట్టిన ఆయన, గేటు మీద 'చెత్తకుప్పకి ఏమీ పంపని కంపెనీ' అని ముందే పెయింట్ చేయించేశారు. ఇప్పుడేమో ఎదురుగా నాలుగు వందల డబ్బాల మిఠాయుండలు. పాకం దింపాల్సిన వేళకి సూపర్‌వైజర్ సింహాద్రి, కారు కొనొద్దని బావమరిదికి ఫోన్లో నచ్చజెబుతున్నాడు. పాకం ముదిరిపోయింది.

గురునాథరావుగారు ఒక ఉండ తీసి బల్లకేసి కొట్టారు. బల్లకి సొట్ట పడింది.

"ప్లాంటులో కూడా ఇంత గట్టి సరుకు చూళ్లేదు," అన్నారు, కొంచెం గౌరవంగానే.

గోశాలకి పంపుదామనుకుంటే అక్కడి భయ్యా ఒక ఉండ నొక్కి చూసి, ఆవుల పళ్లు విరుగుతాయని దణ్ణం పెట్టాడు. "గాయ్ కే దాంత్ తోడోగే క్యా, సాబ్?"

సింహాద్రి దిగాలుగా ఇల్లు చేరాడు. భార్య భాగ్యరేఖ బీరువాలోంచి మెరుపు కాగితం చుట్టిన డబ్బా తీస్తోంది.

"ఏటది?"

"నిరుడు దీపావళికి సత్యవాణి వదిన ఇచ్చింది. రేపు ఉతై ఊళ్లో గృహప్రవేశానికి ఇచ్చీద్దాం."

"లోపలేటుందో చూడవా?"

"విప్పీకండి! కాగితం చిరిగిపోద్ది."

సింహాద్రి ఆ డబ్బా వంకే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు నాలుగు వందల డబ్బాలకీ మెరుపు కాగితం చుట్టించి, దీపావళి కానుకని చెప్పి పనివాళ్లందరికీ పంచేశాడు. అవి ప్లాంటు కాలనీ సెక్టర్ 7 నుంచి ఉతైకి, ఉతై నుంచి నందిని ఊరికి, అక్కణ్ణుంచి మళ్లీ సెక్టర్ 7కి తిరిగాయి. ఎవరూ విప్పలేదు. ఎవరూ పారేయలేదు. నెలాఖరున డంపింగ్ యార్డు చీటీలో సున్నా పడింది.

గురునాథరావుగారు సింహాద్రిని పిలిచి కుర్చీ చూపించారు. అది ఎనిమిదేళ్లలో మొదటిసారి.

"దుర్గ్ దుకాణాలన్నీ ఆ డబ్బాయే కావాలంటున్నాయిరా. పది ఇళ్లు తిరిగినా చితకలేదట, కాగితానికి జిడ్డంటలేదట. రెండు వేల డబ్బాలు ఆర్డరు!"

"మెత్తగా, బాగా చేయిస్తాను సార్."

"నీకేటైనా పిచ్చా? కొన్నోడు తింటాడేటి? అదే గట్టిదనం రావాలి. ఆ రోజు ఏటి చేసావో అదే చెయ్యి."

పాకం పొయ్యి మీదుండగానే సింహాద్రి బావమరిదికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. కారు కొనేసినవాడు ఎందుకెత్తుతాడు? ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ పాకం సరిగ్గా సమయానికి దింపించేశాడు.

సాయంత్రం గురునాథరావుగారు ఒక ఉండ నోట్లో వేసుకున్నారు. వెన్నలా కరిగిపోయింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండు వేల డబ్బాలు నాశనం చేసీసావు కదరా! లారీని పిలు. నువ్వూ ఎక్కు."