గడప కింద పసుపు

సముద్రం లంకల మీదికి వచ్చేశాక ఊళ్ళన్నీ నీళ్ళ మీద తేలే రేకు ఇళ్ళయ్యాయి. వాటిలో ఒక్క మేకు కూడా ఉండదు. రంగుపూత వేసిన రేకుల్ని పట్టి ఉంచేది జిగురే. అది గట్టిగా పట్టిందో లేదో పరారుణ దీపంతో చూసి చెప్పడం నూకరత్నం పని.

ఆ ఉదయం ఆమె మంగాయమ్మ కొత్తింటి గడప అంచున దీపం ఆనించింది. కంటికి కనిపించని వెలుగు వేడిగా మారి జిగురు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, చేతిలోని అద్దపు పలక మీద అలలా ఓ గీత గీసింది. ఉండకూడని చోట గీత చిన్న గుట్టలా లేచింది.

"మామ్మగారూ, గడప అతికించే ముందు రేకుకి పసుపు రాశారా?"

"రాయకుండా గడప నిలబెడతారేంటే?"

"పసుపు మీద జిగురు పట్టలేదండి. వరదొస్తే నీళ్ళు లోపలికొచ్చేత్తాయి."

"మరి పసుపు లేని గడప దాటి లక్ష్మి ఎలా వస్తాదే?" అంది ముసలామె.

ఇల్లు ఉయ్యాలలా మెల్లగా ఊగుతోంది. నూకరత్నం గడప ఊడదీసి రేకంతా తుడుస్తూ వచ్చింది. సరిగ్గా మధ్యలో వేలిముద్రంత పసుపు మిగిలినప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయింది. దాని చుట్టూ జిగురు నిండుగా పట్టించి, గడప బిగించి, ఆరాక మళ్ళీ దీపం పెట్టింది.

"ఇంకా కనిపిస్తందా?" అంది మంగాయమ్మ భయంగా.

"రవ్వంత కనిపిస్తందండి. నీళ్ళకి దారి లేదు. లక్ష్మికి ఆ మాత్రం చాలు."