అమ్మ పేరున్న పురుగు

“ఆ వ్యాసం ఒక్క ఆర్నెల్లు ఆపండి. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను,” అంది శాస్త్రవేత్త కూతురు.

సంపాదకుడు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. సముద్రం అడుగు బురదలో బతికే, కంటికి ఆనని జీవుల గురించి పత్రిక నడుపుతున్నాడాయన. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఎవరూ ఏడవలేదు. పురుగుల కోసం ఏడ్చేదెవరు?

“నాన్న కనిపెట్టింది కొత్త జాతే కాదని రాశారటగా? అచ్చుకి ముందు మీ తరఫున వ్యాసం పరిశీలించిన నాన్న శిష్యుడు చెప్పాడు. రాసిందెవరో ఆయనకీ తెలీదట.”

“నిజమేనమ్మా. అది ముందే తెలిసిన జాతిలో పిల్ల. ఇంకా కుబుసం విడవలేదు. మీ నాన్నగారు ఎదిగిన జీవి అనుకుని పొరబడ్డారు.”

“మరి ఆ పేరు?”

“కొట్టేస్తారు.”

ఆ పేరు అమ్మది. పెళ్ళయిన కొత్తలో నాన్న ఆ పురుగుకి పెట్టాడు. సూక్ష్మదర్శినిలో చూస్తూ దాని బొమ్మ గీసింది అమ్మే. నాన్న నగా నట్రా ఏమీ కొనలేదు గానీ, అమ్మ మాత్రం ఆ పురుగును చూసుకుని జీవితమంతా మురిసిపోయింది.

“నాన్న పోయాక అమ్మకి మిగిలింది అదొక్కటే. మంచాన పడేదాకా ఆయన స్లైడులు ముందేసుకుని కూర్చునేది. ఆయన్ని తలుచుకుంటోంది కాబోలని నేనే దీపం దగ్గరికి జరిపేదాన్ని. ఇప్పుడు ఆస్పత్రిలో కూడా రోజూ అదే గోల, పత్రిక వచ్చిందా అని. ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?”

“డాక్టర్లు ఏమన్నారు?”

“పెదవి విరిచేశారు.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “రాసినవాళ్ళు కూడా తొందరపెడుతున్నారమ్మా. ఈ నెల సంచికలోనే రావాలని.”

“పోయిన మనిషి మీద అంత కక్షా?”

“కక్ష కాదు. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆయన్ని నవ్వులపాలు చేస్తారు. ఇందులో ఒక్క మాటైనా తూలలేదు. ఇంత మెత్తగా తప్పు దిద్దినవాళ్ళని నేను చూడలేదు.”

“మెత్తగా కోస్తే నొప్పుండదా? ఎవరో చెప్పండి, నేనే వెళ్ళి బతిమాలుకుంటాను.”

“అచ్చయ్యేదాకా చెప్పకూడదమ్మా. అది మా నియమం.”

“అయితే ఒక్కసారి వచ్చి మా అమ్మని చూడమనండి. అప్పుడూ మనసు కరక్కపోతే వాళ్ళసలు మనుషులే కాదు.”

ఆయనకిక ఉండబట్టలేదు.

“రాసింది మీ అమ్మగారే.”