ఉలవల నాగన్న

“ఈ కుండ మీ ఇంట్లో ఓ మూలన పెట్టుకో ఎస్తేరమ్మా.”

నాగన్న పెద్ద కుండను గుమ్మంలో దించాడు. దాని మూతికి పేడ అలికి ఉంది.

“ఏముండాది తాతా దీంట్లో?”

“ఉలవలు. బూడిద కలిపినాను, పురుగు పట్టదు. వాన వెనకబడిన ఏడు విత్తనానికి పనికొస్తాయి.”

ఎస్తేరుకు చుర్రుమంది. ఆ ఊరి చర్చిలో స్త్రీల కూటానికి ఆమే పెద్ద. ఆమె ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడాల్సిందే.

“కరువొస్తుందని కుండలు దాచుకుంటే మాకు విశ్వాసం లేనట్టే గదా. దేవుడు చూసుకుంటాడులే, తీసుకపో.”

“దేవుడు చూసుకుంటాడమ్మా. కుండ మాత్రం మనమే పెట్టాల.”

ఎస్తేరు కుండను అతని చేతుల్లోకి నెట్టింది. నాగన్న నొచ్చుకోలేదు. పక్కింటికి పోయాడు. అక్కడా అదే జవాబు.

ఉరవకొండ అవతలి ఆ పల్లెలో నాగన్న ఎవరికీ చుట్టం కాదు. కొన్నేళ్ల కిందట బస్సు దిగి వచ్చాడు. చర్చి వెనక రేకుల కొట్టంలో ఉంటూ రెండు మేకలు మేపుకునేవాడు. ఆదివారం చర్చికి వచ్చేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. చెప్పులు విడిచేచోట మెట్టు మీద కూర్చునేవాడు.

పైగా పేరు నాగన్న. ఇంకా చెప్పేదేముంది, అన్యుడే అని ఎస్తేరు తేల్చేసింది.

కోత పండుగనాడు మాత్రం అతనికి ఎక్కడలేని హుషారు వచ్చేది. పంటలో తొలి భాగం ప్రతి ఇల్లూ చర్చికి తెస్తుంది. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలకు పోటీ, కోడిపుంజుకు పోటీ. ఎవరో మొక్కుబడిగా తెచ్చిన ఉలవలను పాడేది నాగన్న ఒక్కడే. ఎదురు పాడేవాడు లేకపోతే తన పాట మీద తానే పెంచుకునేవాడు.

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. ఎస్తేరుకు జాలేసేది. ఆదివారాల్లో గొంతెత్తి ప్రార్థించేది.

“ప్రభువా, ఆ మెట్టు మీది నాగన్న కండ్లు తెరువు. ఆయన్ను రక్షణలోకి నడిపించు.”

మెట్టు మీదనుంచి అందరికన్నా గట్టిగా “ఆమేన్” అని వినిపించేది.

ఆ ఏడు జూన్ పోయింది, జూలై పోయింది, చినుకు లేదు. తిండికి కరువై, దాచిన శెనక్కాయ విత్తనం కూడా జనం అమ్ముకున్నారు. ఆగస్టులో నాగన్న జ్వరంతో మంచం పట్టి కన్నుమూశాడు. పాస్టరు అతన్ని చర్చి సమాధుల తోటలో పూడ్పించాడు.

“బాప్తిస్మం లేనోన్ని మనోళ్ల మధ్యలో ఎట్ల పెడతారయ్యా?” అంది ఎస్తేరు.

పాస్టరు సమాధి మీద మట్టి సర్దాడు. ఏడుస్తున్నాడు. అంత ఏడుపు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

సెప్టెంబరులో, అందరూ ఆశ వదులుకున్నాక, వాన దంచికొట్టింది. ఏం లాభం, శెనక్కాయకు అదను దాటిపోయింది. ఆ తడికి వేయదగింది ఉలవ ఒక్కటే. ఉరవకొండలో వెతికారు, గుత్తిలో వెతికారు. ఏ అంగట్లోనూ విత్తనం లేదు.

ఎస్తేరు మొగుడు శశికుమార్ సంచిలో గుడ్డలు సర్దుకున్నాడు.

“యాడికి?”

“బెంగళూరికి. బిల్డింగు పని ఉండాదంట. నువ్వూ పిల్లోల్లూ ఈడనే ఉండండి. వచ్చే ఏడు వానలకు వస్తా.”

“ఏడాదంతా మేమెట్ల బతకాల?”

“నన్నేం చేయమంటావ్ మే? నేల తడిగా ఉండాది, ఇంట్లో గింజ లేదు.”

తాను నెట్టేసిన కుండ ఎస్తేరు కళ్లముందు మెదిలింది. ప్రార్థనకు మోకాళ్ల మీద పడింది గానీ, ఎప్పుడూ తడుముకోని ఆ నోటికి ఒక్క మాటా రాలేదు.

అప్పుడే చర్చి గంట మోగింది. ఆదివారం కాదు. ఏమైందోనని జనం పరుగెత్తారు.

పాస్టరు చర్చి వెనక గది తలుపు బార్లా తీసి నిలబడ్డాడు. లోపల కాలు పెట్టే సందు లేకుండా కుండలు.

“ఇంటికొకటి తీసుకోండి. మీ ఇండ్లల్లో వద్దంటే నాగన్న ఈడ పెట్టినాడు. ఏటేటా పాతవి తాను వండుకొని తిని, కొత్తవి నింపినాడు.”

ఎస్తేరు కుండ నెత్తికెత్తుకుని ఇంటికి పరుగెత్తింది. శశికుమార్ సంచిలోని గుడ్డలు నేలమీద కుమ్మరించి విత్తనం వేసే గొర్రు కట్టడానికి లేచాడు.

డిసెంబరుకల్లా ఆ ఎర్రనేలంతా ఉలవ తీగ అల్లుకుంది. ఇంటికి గింజ దక్కింది, పశువులకు మేత దక్కింది. బెంగళూరు బస్సు ఆ ఊళ్లో ఒక్కరినీ ఎక్కించుకోలేదు. కోత పండుగకు డప్పులు అదిరిపోయాయి. ఆ వేలంలో ఉలవల కోసం ఊరంతా పోటీ పడింది.

ఎస్తేరు సాక్ష్యం చెప్పడానికి లేచింది.

“తాత ఇచ్చిన కుండను నేను నెట్టేసినా. అయినా దేవుడు ఆ కుండనే మా ఇంటికి పంపినాడు. నా మొగుడు ఈడ నా ముందర కూర్చోనుండాడు, నా పిల్లోల్లు కడుపునిండా తింటాండారు. మేము కరువును గెలిచినాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్తేరు పాస్టరు వైపు తిరిగింది.

“దిగులు ఒక్కటే. అంత మంచి మనిషి బాప్తిస్మం లేకుండానే పోయినాడు. మీరన్నా చెప్పి ఇప్పించాల్సింది పాస్టరయ్యా.”

పాస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎవరికీ చెప్పొద్దని నాతో మాట తీసుకున్నాడమ్మా. తెలిస్తే మీరు కుర్చీ వేసి దండ వేస్తారంట. ఉలవలు దాచమంటే మాత్రం, ప్రసంగం విన్నట్టు విని ఇంటికి పోతారంట.”

“ఏం తెలిస్తే అయ్యా?”

“చిన్నప్పుడు పెన్నేట్లో నన్ను ముంచి బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు ఆయనేనమ్మా.”